కిటికీ మనిషికి ఏం కావాలి?

సోఫాల షెడ్డు,
రైలు గేటు పక్కన.

చిరంజీవి బావమరిదికి, ఈమధ్య నీకు నువ్వే ఇచ్చుకున్న హోదా ప్రకారం రచయితగారికి,

మేమిక్కడ క్షేమం. నీ సీరియల్ నాలుగు వారాలు చదివి కూడా క్షేమంగా ఉన్నామంటే మా గుండెలు ఎంత గట్టివో నువ్వే అర్థం చేసుకో. ఫోన్లో తిడితే గాలికి పోతుంది, కాగితం మీదైతే దాచుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

'గవాక్షంలో గాఢమౌనం' అన్న పేరు చూడగానే మీ అక్క, "ఇది పేరా, జబ్బా?" అంది. అయినా తోడబుట్టినవాడివి కదా! షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి పైకి చదివింది. మొదటి వారం మీ హీరో కిటికీ దగ్గర నిలబడ్డాడు. రెండో వారం వాన చూశాడు. మూడో వారం వాన ఆగింది, ఆయన మాత్రం ఆగలేదు, చూస్తూనే ఉన్నాడు. నాలుగో వారం నిట్టూర్చాడు. సరిగ్గా అక్కడ 'సశేషం' వేశారు. ఎవరి కోసంరా సశేషం? రెండో నిట్టూర్పు కోసం వారం రోజులు ఎవడు కాచుకుని కూర్చుంటాడు?

మీ అక్క పత్రిక మడిచి ఒకే ఒక్క మాట అడిగింది. "ఇంతకీ వీడికి ఏం కావాలట?"

నాకు తెలీదన్నాను. కిటికీ దగ్గర నిలబడ్డవాడికి బయటికి పోవాలనైనా ఉండాలి, బయటివాళ్ళెవరో లోపలికి రావాలనైనా ఉండాలి. రెండూ లేనివాడు మనిషి కాదు, కర్టెన్.

నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ మాస్టారి కుర్చీ కింద టపాకాయ పెట్టినందుకు సగంలో ఆగింది. నాకు సాహిత్యం తెలీదు, సోఫా తెలుసు. పైన రెక్సిన్ ఎంత మెరిసినా కూర్చున్నవాడికి తగిలేది లోపలి స్ప్రింగే. నీ హీరోకి రెక్సిన్ బ్రహ్మాండంగా ఉంది. లోపల స్ప్రింగు పెట్టడం మర్చిపోయావు.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరి నోరు పారేసుకునే
బావ

*

కళ్ళద్దాల దుకాణం,
మేడమీది గది.

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. విమర్శకూ వెక్కిరింతకూ నడుమ ఒక సన్నని గీత ఉంటుంది. అది మీకు ఏనాడూ కనబడలేదు. ఒకసారి మా దుకాణానికి దయచేస్తే ఉచితంగా కంటిపరీక్ష చేయిస్తాను.

నేను పోస్టులో కథారచన శిక్షణ పూర్తి చేసినవాణ్ణి. "చెప్పకు, చూపించు" అన్నది తొలి పాఠం. నా నాయకుడు దుఃఖంలో ఉన్నాడని నేను ఎక్కడా చెప్పలేదు, వాన చూపించాను. సంఘర్షణ ఉండాలన్నారు, ఉన్నది; అంతరంగంలో ఉన్నది కాబట్టి బయటికి కనబడదు. పాత్ర గురించి రచయితకు సమస్తమూ తెలిసి ఉండాలన్నారు. నేను నా నాయకుడి ఎత్తు, బరువు, చిన్నతనంలో వచ్చిన జబ్బులు, ఇష్టమైన రంగు, చెప్పుల సైజుతో సహా రాసిపెట్టుకున్నాను. మంచుకొండలా పైకి కొంచెమే కనబడాలి, తక్కినది నీళ్ళలో ఉండాలి.

ఇంతవరకు రచయితగా రాశాను. ఇక మీ బావమరిదిగా రాస్తున్నాను.

నిన్న సంపాదకులు పిలిపించారు. నా సీరియల్ గురించి ఇంతవరకు ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదట. కాదు, ఒకాయన రాశాడు. దాని కోసం గళ్ళ నుడికట్టు ఎందుకు చిన్నది చేశారని తిట్టాడు. నెలాఖరులోగా స్పందన రాకపోతే ఆపేస్తామన్నారు. ఏళ్ళ తరబడి వెళ్ళిన కథ వెళ్ళినట్టే తిరిగొచ్చాక దొరికిన చోటు బావగారూ ఇది. ఇదీ పోతే ఇక కలం పట్టను. బెదిరింపు కాదు, నిజంగానే నాలో ఇక ఓపిక లేదు.

మీ దగ్గరికి వచ్చే పోయేవాళ్ళ చేత నాలుగు ముక్కలు రాయించండి. దయచేసి మెచ్చుకుంటూ.

మీ విధేయుడు

*

సోఫాల షెడ్డు.

ఒరేయ్ మంచుకొండా,

హీరో చెప్పుల సైజు తెలుసు నీకు, వాటితో ఎక్కడికి నడుస్తాడో తెలీదు. నీలాంటివాడు చెప్పుల కొట్టు పెట్టుకోవాలి, నవల కాదు.

అయినా ఆపదలో ఉన్నావు కనక ఊరి మీద పడ్డాను. దివాన్ కుట్టించుకోవడానికి వచ్చిన వకీలుగారిని అడిగితే, "చదవకుండా మెచ్చుకోమంటే మెచ్చుకుంటాను, చదివి మెచ్చుకోమంటే కుదరదు" అన్నాడు. షెడ్డు ఓనరుని అడిగితే గుమ్మంలోంచే పొమ్మన్నాడు. పోయినేడు ఆయన సోఫాలో నేను చంటిపిల్లల కీచుబొమ్మ పెట్టి కుట్టేశాను. ఇప్పటికీ ఆయన కూర్చున్నప్పుడల్లా 'కుయ్' మంటుంది. ఎలక అనుకుని ఇంట్లో బోను పెట్టాడు పాపం. నా పనేనని ఈమధ్యే అనుమానం వచ్చింది.

దొరకనప్పుడు తయారు చేసుకోవాలి కదా. పాఠకుల్ని నేనే తయారు చేద్దామని కూర్చున్నా. మొదట ఒక రిటైరయిన మాస్టారుని చేసి, "తమరి సీరియల్ అద్భుతం, అమోఘం" అని రాయించాను. మీ అక్క చూసి, "ఇది మనిషి రాసినట్టు లేదు, బంధువు రాసినట్టుంది" అంది. చింపేశాను.

అప్పుడు బుర్ర గోక్కున్నాను. నీ సీరియల్ చదివే మనిషి ఎలా ఉంటుంది? కదలడానికి వీల్లేని చోట ఉండాలి. చేతిలో వేరే పుస్తకం ఉండకూడదు. మెచ్చుకోకూడదు, ఎందుకంటే ఎవరూ నమ్మరు. ఆమెకి ఏదో ఒకటి కావాలి, అది దొరక్కూడదు. అలా పుట్టిందిరా ఆవిడ. నకలు పంపుతున్నా, అసలు పత్రికకి పోస్టయింది:

"సంపాదకులకి. నేను బస్సుస్టాండు సామాన్ల గదిలో పని చేస్తాను. సామాను తీసుకుని టోకెన్ ఇస్తాను, టోకెన్ తీసుకుని సామాను ఇస్తాను. అందరూ టోకెనమ్మ అంటారు. ఎవరో బెంచీ మీద వదిలేసిపోయిన మీ పత్రికలో కిటికీ మనిషి గురించి చదివాను. ఒళ్ళు మండింది. మా ఇంట్లోనూ ఉన్నాడు అలాంటివాడు ఒకడు. వస్తాడు, కూర్చుంటాడు. ఏమైందంటే ఏం లేదంటాడు. ఏం కావాలంటే నీ ఇష్టం అంటాడు. పెళ్ళయిన కొత్తలో లోతైన మనిషి అనుకున్నాను. బావిలో చేద వేసి లాగుతున్నా, లాగుతున్నా, ఖాళీ చేదే పైకొస్తోంది. అందరూ సామాను నా దగ్గర పెట్టి ఊరెళ్తారు. ఈయన తనని తనే నా దగ్గర పెట్టి ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళ చేత మాట్లాడించడం ఎలాగో మీ రచయితకి తెలుసా? తెలిస్తే చెప్పమనండి, చదువుతాను. తెలీకపోతే ఆపేయమనండి."

ఎలా ఉంది? ఆమె చెప్పుల సైజు మాత్రం నన్ను అడక్కు.

బావ

*

కళ్ళద్దాల దుకాణం,
మేడమీది గది.

బావగారికి,

మీ టోకెనమ్మ ఉత్తరం గడి కట్టి మరీ వేశారు. సంపాదకులు నా భుజం తట్టి, "మొత్తానికి మీ సీరియల్ ఎవరికో తగిలిందండీ" అన్నారు. గడువు పొడిగించారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

తర్వాత ఉత్తరాల మూట వచ్చింది. దుకాణం మూసి మరీ విప్పాను. ఒకామె, "టోకెనమ్మా, ఆయన్ని వదిలెయ్" అంటుంది. ఇంకొకాయన, "అమ్మా, తొందరపడకు, మగవాళ్ళలో మాట ఆలస్యంగా ఊరుతుంది" అంటాడు. ఒక కుర్రవాడు ఆమె భర్తకి చెవుడేమో పరీక్ష చేయించమన్నాడు. అంత పెద్ద మూటలో నా నాయకుడి ప్రస్తావన ఒకే ఒక్కచోట ఉంది: "ఆ కిటికీవాడి సంగతి తర్వాత చూద్దాం" అని.

మీకు చేతులెత్తి మొక్కుతాను. ఆమె చేత రెండో ఉత్తరం రాయించండి. నా నాయకుడి మౌనం వెనక ఉన్న వేదన ఇప్పుడు అర్థమైందనీ, కళ్ళు చెమర్చాయనీ అనిపించండి. రెండు వాక్యాలు చాలు.

మీ విధేయుడు

*

సోఫాల షెడ్డు.

రచయితగారికి,

రెండు వాక్యాలూ రాసి చూశాను. ఆవిడ నోట్లో పెడితే కక్కేసింది. పాత్రలు వాటంతటవే నడుస్తాయని మీ కోర్సులో చెప్తారు కదా, అది శుద్ధ అబద్ధం. అవి ఎక్కడికీ నడవవు, నడిపేది మనమే. కాకపోతే రోజంతా కౌంటరు వెనక నిలబడి ఊరి బరువులన్నీ మోసే మనిషి, ఇంటికొచ్చి నీ హీరో గురించి చదివి కళ్ళు చెమర్చుకుంటే, ఆ కళ్ళు చెమర్చాయని కాదు, నేను తాగి రాశానని అనుకుంటారు.

అందుకని వేరేది పంపాను:

"నిన్న మధ్యాహ్నం ఆయన ఇంటి తాళంచెవి ఇవ్వడానికి సామాన్ల గదికి వచ్చాడు. ఇచ్చి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. నాకు చిలిపితనం పుట్టింది. పెట్టెలకి కట్టే అట్టముక్క తీసి ఆయన చొక్కా గుండీకి కట్టేశాను. ఏమీ అనలేదు, వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్ళి చూద్దును కదా, ఆ అట్టముక్క ఇంకా గుండీకే ఉంది. దాంతోనే ఆఫీసులో కూర్చున్నాడు, దాంతోనే బస్సెక్కాడు. అసలు చూసుకోలేదా? చూసుకుని ఉంచుకున్నాడా? అడగాలని ఉంది. ఏం లేదంటాడేమోనని భయంగా ఉంది."

అక్కడ ఆపాను. సశేషం అంటే అదిరా, నిట్టూర్పు కాదు.

మీ అక్క ఇది విని సూదిలోకి దారం ఎక్కించడం ఆపేసి, "చూసుకునే ఉంటాడు" అంది. నీ సీరియల్ చదివేటప్పుడు మధ్యమధ్యలో ఆపి ఆవిడ ఎన్ని దిళ్ళు కుట్టిందో లెక్కలేదు.

బావ

*

మేడమీది గది.

బావా,

నమస్కారాలు లేవు. ఈసారి పాఠాలు కూడా లేవు.

నన్ను ముందు పేజీల్లోంచి తీసుకెళ్ళి వెనకెక్కడో బట్టతల నూనె ప్రకటన కింద పడేశారు. పొమ్మనలేక పొగబెట్టడం ఇదే. మొదట పాఠకుల ఉత్తరాల శీర్షికలో మూలన కూర్చున్నావు, ఇప్పుడు మొత్తం పత్రిక నీదే. ఏకై వచ్చి మేకై కూర్చున్నావు.

నువ్వు నోరు తెరిస్తే ఊరంతా వింటుంది. ఎలా వింటుందో నీకే తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం నీకెప్పుడూ రాలేదు. నేను ఒక్క మాట బయటికి తేవడానికి పగలంతా లోపల తవ్వుకుంటాను. తీరా తెచ్చేసరికి నువ్వు ఏదో జోకు వేసి ఉంటావు, అందరూ నవ్వుతూ ఉంటారు, నా మాట నా చేతిలోనే ఉండిపోతుంది. మాట్లాడకపోతే పొగరంటారు. మాట్లాడితే నీరసమంటారు. లోతు లేదని అందరి ముందూ చాటావే, ఒక్కసారైనా దిగి చూశావా? పైనుంచి రాళ్ళు వేసి చప్పుడు విన్నావు, అంతే.

నాకేం కావాలని అడుగుతావు. అడిగి, చెప్పేలోపే నవ్వుతావు. ఇప్పుడు విను. నేను చెప్పేది ఒక్కరైనా చివరిదాకా విని "తర్వాత?" అని అడగాలి. అంతే నాకు కావాల్సింది. అది నీకు రోజూ ఉచితంగా దొరుకుతుంది. నాకు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా దొరకలేదు.

ఆ టోకెనమ్మని చంపేయ్. బదిలీ చేయించు, బస్సు కింద తోయి, ఏమైనా చెయ్. లేకపోతే నేనే వెళ్ళి సంపాదకుడికి నిజం చెప్తాను. నా పరువు పోతే పోనీ, మిగిలిందేముంది.

*

సోఫాల షెడ్డు.

బావమరిదీ,

ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అన్నావు. మీ అక్క ఉత్తరం చదివి జాగ్రత్తగా మడిచింది. తర్వాత నన్ను చూసి, "చూశావా, వీడికి ఏం కావాలో వీడికి తెలుసు" అంది.

ఇప్పుడు చెప్పబోయేది నిలబడి చదవకు, కూర్చో.

టోకెనమ్మని చంపలేదు. నీ ఉత్తరాన్ని శుభ్రంగా ఎత్తిరాసి, టోకెనమ్మ మొగుడి జవాబని సంపాదకుడికి పోస్టు చేశాను. మార్చింది చాలా తక్కువ. 'బావా' అన్నచోట 'ఏమే' అని పెట్టాను. పత్రిక అన్నచోట ఇల్లు. బట్టతల నూనె బదులు వెనక వరండా. చంపడాలూ బస్సు కింద తోయడాలూ తీసేశాను, సంసారం కదా. మిగతాదంతా నీదే. ఒక్క అక్షరం కూడా నా తెలివి కలపలేదు, కలిపితే పాడయ్యేది.

తిట్టు. కాకపోతే అచ్చయ్యాక తిట్టు.

బావ

*

కళ్ళద్దాల దుకాణం.

బావా,

నీ ఉత్తరం నాకు చేరేసరికే అచ్చయిపోయింది. "టోకెనమ్మ భర్త నోరు విప్పాడు" అని అట్ట మీద వేశారు.  అలా దొంగతనం చేసినందుకు నిన్ను ఏమనాలో ఇప్పటికీ తెలీదు.

దుకాణంలో దగ్గరచూపు పరీక్షకి పత్రిక పేజీయే చేతికిస్తాం కదా. ఆరోజు ఒక పెద్దావిడకి కొత్త అద్దాలు పెట్టి, చేతికందిన పేజీ ఇచ్చాను. అది అదే పేజీ అని చూసుకోలేదు. "అక్షరాలు కనబడుతున్నాయా అమ్మా?" అన్నాను. "ఉండవయ్యా, చదవనీ" అంది. వేరే అద్దాలు పెట్టబోతే చెయ్యి తోసేసింది. వెనక నలుగురు కాచుకుని ఉన్నారు. చివరిదాకా చదివి, తలెత్తి, "తర్వాత?" అంది.

అది ఏ పేజీయో అప్పుడు చూశాను. వచ్చేవారం అన్నాను. "వచ్చేవారమా! ఇంత చెప్పించి ఇప్పుడు వారమా!" అని నన్నే కోప్పడి, అద్దాలు మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఇక దాచలేక సంపాదకుడి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "బస్సుస్టాండు నుంచి వచ్చే ఉత్తరాలకి సోఫా జిగురు వాసన ఎందుకొస్తుందయ్యా? మొదటిదానికే అనుమానమొచ్చింది. ఎవరో కాలక్షేపానికి రాసుకుంటున్నారనుకున్నా" అన్నాడు. "ఇకమీదట కథ అని చెప్పే వేద్దాం, ఇద్దరి పేర్లూ పెట్టి. భర్త ఉత్తరం రాసింది ఎవరు?"

నేనేనని చెప్పాను.

అప్పుడు తలెత్తాడు. "మీరా? మరి ఆ కిటికీ మనిషిని రాసిందెవరు?"

కిటికీ మనిషికి ఈ వారంతో సమాప్తం. ఎవరూ ఏడవరు, నేను కూడా ఏడవలేదు. వచ్చేవారం నుంచి ఒక వారం మొగుడు, ఒక వారం టోకెనమ్మ. ఆమె వారం నీది. నా మొదటి భాగం ఇచ్చేశాను. అట్టముక్క సంగతి ఒకే ముక్కలో తేల్చేశాను: చూశాను, ఉంచుకున్నాను. ఆ తర్వాత అతను ఆమెని ఒక ప్రశ్న అడుగుతాడు. అది ఇక్కడ రాయను, పత్రికలో చూడు.

ఈసారి ఎత్తు, బరువు, చెప్పుల సైజు పట్టికలేవీ నింపలేదు.

*

సోఫాల షెడ్డు.

బావమరిదీ,

చూశాను.

"ఊళ్ళో అందరి బరువులూ నీ దగ్గర పెట్టుకుంటావు. నీ బరువు ఎక్కడ దించుకుంటావు? నన్ను మాట్లాడవేమని ఇన్నేళ్ళు అడిగావు. నువ్వు మాట్లాడింది మాత్రం అంతా నా గురించే. నీ గురించి చెప్పు, వింటాను."

మీ అక్క అది రెండుసార్లు చదివింది. నువ్వు ఎవరి తమ్ముడివో ఇప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టి, నా వైపు తిరిగి, "చెప్పు మరి, ఏమంటుంది?" అంది.

నోటికొచ్చింది అనేద్దామనుకున్నా. జోకులు మూడు వేశాను. మూడింటికీ మీ అక్క నవ్వలేదు. "అది నువ్వు, ఆమె కాదు" అంది.

రచయితా, నాకు ఆ మనిషి నోరు తెలుసు, కోపం తెలుసు, కౌంటరు మీద మోచేతులు ఎక్కడ ఆనిస్తుందో కూడా తెలుసు. ఆమె గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్తుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబోలు. అందరినీ నవ్వించేవాణ్ణి ఎవరు అడుగుతారు?

వకీలుగారి దివాన్ స్ప్రింగులు బయటపెట్టుకుని అలాగే పడి ఉంది. ఆయన మనుషులు వచ్చి తిట్టి పోతున్నారు. నేను దాని మీదే కూర్చుని, కలం పట్టుకుని, ఇప్పటికి రెండు రోజులుగా తెల్లకాగితం చూస్తున్నాను. ఇంత పని చేస్తావనుకోలేదురా నువ్వు.

ఆమె ఏమంటుందో ఒకవేళ నీకు తెలిస్తే, నాకు చెప్పకు.

బావ